ప్రవాసాంధ్రుల పుట్టుపూర్వోత్తరములు

అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రజలలో మనము మెచ్చుకొనదగిన యలవాటొకటి కలదు. తమ మూలపురుషుడు ఏ దేశమునుండి, ఏ యోడ నెక్కి, ఏ సంవత్సరమున వచ్చి ఆ గడ్డపై కాలు మోపెనో తెలిసికొనవలెనని వారికి మిక్కిలి యాతురత. న్యూయార్కు రేవునందలి ఎల్లిస్ ద్వీపమున 1892 మొదలు 1954 వరకు వలసవచ్చినవారిని పరీక్షించి లోనికి విడుచు కార్యాలయ ముండెను. అచ్చటి యోడల పట్టికలలో తాతముత్తాతల పేరులు వెదకుకొనుట ఆ దేశమున ఇంటింటి పనియైనది. కరవునకు తాళలేక ఐర్లండు విడిచిన కూలివాని మునిమనుమడు ఆ సంగతిని నలుగురిలో సగర్వముగా చెప్పుకొనును. బానిసలుగా తేబడిన ఆఫ్రికా జనుల సంతతివారి కష్టము వేరు. 1850, 1860 సంవత్సరముల బానిసల లెక్కలలో వయస్సును, స్త్రీపురుష భేదమును, మేనిరంగును వ్రాసిరి గాని పేరు వ్రాయు నాచారము లేదు. 1870 నాటి జనాభా లెక్కలలోగాని వారిలో బహుసంఖ్యాకులకు పేరుగల మనుష్యులుగా స్థానము దొరకలేదు. అయినను వారు వెదకుట మానలేదు. 1976లో అలెక్స్ హేలీ 'రూట్స్' అను గ్రంథమును ప్రకటించినప్పటినుండి ఆ వెదకులాట మరింత ప్రబలమయ్యెను. ఆ గ్రంథములోని వంశక్రమము దస్త్రములతో సరిపోవుట లేదని తరువాత కొందరు పరిశోధకులు చూపిరి. అది వేరు సంగతి. వెదకవలెనను బుద్ధి పుట్టుటయే ఇచ్చట ముఖ్యము.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములనుండి పోయిన మన యువకు లనేకులు నేడా దేశమున గృహస్థులై యున్నారు. వారి బిడ్డలను అచ్చటి ఉపాధ్యాయులు వంశవృక్షము గీసికొని రమ్మందురు. తండ్రి తన తాతవరకు చెప్పును. తల్లి తన అమ్మమ్మవరకు చెప్పును. అంతటితో గొలుసు తెగిపోవును. అప్పుడు మదనపల్లెకు టెలిఫోను మ్రోగును. ఇచ్చటి ముసలమ్మ కొంతసేపు తలపోసి, ముత్తాత పేరును వెంకటరమణుడే, ఆయన తాత పేరును వెంకటరమణుడే యని చెప్పును. తాత పేరు మనుమనికి పెట్టుట మన సదాచారము. దానివలన భక్తి నిలుచుచున్నది గాని చరిత్ర కలగాపులగ మగుచున్నది. పిల్లవాడు మూడు వెంకటరమణులను మూడు కొమ్మలపై వ్రాసికొని బడికి పోవును.

ఆ దేశమునకు మనవారు పోయిన చరిత్రయైన మనకు సరిగా తెలియునా? 1917 నాటి వలస శాసనము ఆసియా ఖండములో నధికభాగమును నిషిద్ధమండలముగా నేర్పరచి మనకు తలుపులు మూసెను. 1923లో భగత్ సింగ్ థిండ్ అను సిక్కు సోదరుని వ్యాజ్యమున అమెరికా సుప్రీముకోర్టు, హిందూదేశస్థులు శ్వేతజాతీయులు కారు గనుక వారికి పౌరసత్వమున కర్హత లేదని తీర్పు చెప్పెను. ఆ థిండ్ మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యముననే సేవచేసినవాడు! ఆ 1923లోనే భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు వైద్యవిద్యాభిలాషతో బోస్టను చేరెను. 1946లో వచ్చిన లూస్-సెల్లర్ శాసనము మన దేశస్థులకు పౌరసత్వము నొసగి, ఏటికి నూరుగురిని రానిచ్చుట కంగీకరించెను. సుమారు నలుబదికోట్ల ప్రజలుగల దేశమునకు ఏటికి నూరుగురు! 1965 శాసనము ఆ జాతిభేదపు కోటాలను తీసివేసిన పిమ్మటనే మన వైద్యులకును, ఇంజనీర్లకును మార్గము తెరువబడెను. అనగా నేడు అమెరికాలో కాపురమున్న మన చిత్తూరు సీమవారి వలసచరిత్ర చాలవరకు అరువదేండ్ల లోపలిది. ఇంత దగ్గరి కథనే తెలియనివారము, దూరపు కథ నెట్లు తెలిసికొందుము?

ఈ సందర్భమున మదనపల్లెవారు మరువరాని పేరొకటి కలదు. 1895లో ఆ పట్టణమున జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి 1922లో తమ్ముడు నిత్యానందుని వెంటబెట్టుకొని కాలిఫోర్నియాలోని ఓహై లోయకు చేరెను. తమ్ముడు క్షయరోగపీడితుడు; అచ్చటి పొడిగాలి మేలుచేయునని వైద్యుల యాశ. 1925 నవంబరులో నిత్యానందు డా లోయలోనే మరణించెను. మదనపల్లె చెంతనే ఆరోగ్యవరమున మిషనులు కలిసి స్థాపించిన క్షయ చికిత్సాలయము 1915 నుండియే యుండెను. ఆ రోగము కొరకు ఇతర ప్రాంతములవారు మన యూరి గాలిని వెదకుకొని వచ్చుచుండగా మన యూరి సంబంధము గల యువకుడు భూగోళమున కావలి కొండల నీడలో కన్నుమూసెను. కృష్ణమూర్తియు 1986లో ఓహైలోనే దేహము చాలించెను. జాతిని, వంశమును, గతమును పట్టుకొని వ్రేలాడరాదని జీవితాంతము బోధించినవా డాయన. ఆయన పుట్టిన యూరిలో కూర్చుండి వంశవృక్షములను గూర్చి వ్రాయుట వింతగా తోచవచ్చును. కాని విడువదగినది ఏదో తెలిసినవాడే దానిని విడువగలడు. తెలియనివానికి విడుచుటకును ఏమియు లేదు.

న్యాయవాదవృత్తిలో నిరువదేండ్లు గడపితిని. మన సీమలో వంశవృక్షము కాగితముపై వ్రాయబడు సందర్భము నేను చూచినంతవరకు ప్రధానముగా ఒక్కటే: దాయాదులు భాగములకై కోర్టు కెక్కుట. దావాతో జతపరచు ఆ పటమున మూలపురుషుని పేరు పైన నుండును. క్రింద కుమారులు, వారి కుమారులు. ఎవనికి ఎన్ని ఎకరములు రావలెనో తేలినంతవరకే ఆ వృక్షము పెరుగును. ఊరు విడిచి పోయి భాగ మడుగనివాని కొమ్మ దగ్గర 'నిస్సంతు' అనియో 'ఆచూకి లేదు' అనియో వ్రాసి ముగింతురు. ఆడుబిడ్డల పేరులు ఆ పటములలో చాలకాలము కానరాలేదు. 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చిన ఆంధ్రప్రదేశపు సవరణ శాసనము అవివాహితలైన కూతుండ్రకు ఉమ్మడి యాస్తిలో హక్కు నిచ్చెను. 2005 కేంద్ర శాసనము కూతుండ్ర కందరికిని కుమారులతో సమానహక్కు నిచ్చెను. అప్పటినుండిగదా మన వంశవృక్షములకు రెండవ ప్రక్క కొమ్మలు వేయ నారంభించినవి! ప్రేమ చేయలేని పనిని ఆస్తిహక్కు చేసినదని చెప్పుటకు విచారముగానే యున్నది.

ఇక శాస్త్రవిధి యున్నది. శ్రాద్ధమున తండ్రి, తాత, ముత్తాత, ఈ ముగ్గురి పేరులు చెప్పుదుము. వివాహమున ప్రవర చదువునపుడును ముగ్గురే. నాలుగవతరము నాటికి పేరు దేవతలలో కలిసిపోవును. ఆ విధులు లేని కులములవారి వంశములను జ్ఞాపకముంచినవారు వేరొకరు. పిచ్చుగుంట్లవారని లోకము చులకనగా పిలిచిన, నేడు వంశరాజులని వ్యవహరింపబడు జాతివారు రెడ్లు మొదలగు కాపుకుటుంబముల గోత్రములను, ఇంటిపేరులను, వలసవచ్చిన త్రోవలను నోటికి నేర్చి, కోతలకాలమున కళ్లములకు వచ్చి పాడి, గింజలు పెట్టించుకొని పోవువారు. ఆ గింజలు పెట్టువారు నేడేరి? రైతుబిడ్డ టెక్సాసులో నున్నాడు. కళ్లము ఇండ్లస్థలములై పోయినది. వంశరాజు కుమారుడు బెంగుళూరులో తాపీపనికి పోయినాడు. ఒక్క ముసలివాడు గతించినప్పుడు నూరు కుటుంబముల దస్త్రము గతించుచున్నది. దీనికి నకలు లేదు.

మన దస్త్రము లిట్లుండగా, మన యూళ్లలో కాపురముండి పోయిన అమెరికావారి దస్త్రములు చక్కగా భద్రమైనవి. 1853లో స్కడర్ సోదరులు మొదలైనవారు ఆర్కాటు మిషనును స్థాపించిరి. కనెక్టికటు రాష్ట్రమున జన్మించిన జేకబ్ చేంబర్లేన్ అను వైద్యుడు 1859లో స్వదేశము విడిచి వచ్చి, పలమనేరు మదనపల్లె ప్రాంతములందు రోగులకు మందులిచ్చుచు, తెలుగు బైబిలును సంస్కరించిన సంఘమున పనిచేసి, 1908లో మదనపల్లెలోనే మరణించెను. వారి మతప్రచారమును గూర్చి మనకు గల యభిప్రాయము లట్లుండనిండు. వారు ఇంటికి వ్రాసిన జాబులను, ఏటేట పంపిన నివేదికలను ఆ సంఘములవారు దాచియుంచిరి. అందుచే నేడు న్యూజెర్సీలోని యొక మనుమరాలు తన పూర్వికుడు మన గ్రామములలో ఏ యెండలో ఏ గుఱ్ఱముపై తిరిగెనో చదువుకొనగలదు. ఆ గుఱ్ఱమునకు గడ్డివేసిన మనవాని మనుమరాలికి ఆతని పేరైన తెలియదు.

పశువుల సంగతి చెప్పిన పాఠకులు నవ్వుదురేమో. మన యొంగోలు ఆబోతులు పందొమ్మిదవ శతాబ్దముననే సముద్రములు దాటి బ్రెజిలు దేశమున 'నెలోర్' అను పేర వర్ధిల్లినవి. ఉత్తర అమెరికాలోని బ్రాహ్మణ్ అను పశుజాతిలోను మన నెల్లూరు సీమ రక్తము కలదు. 1924లో ఏర్పడిన ఆ జాతి పెంపకపుదారుల సంఘము ఏ దూడ ఏ యాబోతునకు పుట్టినదో పుస్తకమున కెక్కించుచు వచ్చినది. మన పుంగనూరు పొట్టియావులకు సైతము పలమనేరు పశుపరిశోధనాస్థానమున వంశరక్షణ జరుగుచున్నది. సంతోషమే. పుంగనూరు ఆవునకు దక్కిన ఈ మర్యాద పుంగనూరు మనుష్యునకు దక్కవలదా?

ఎందుకనగా పుంగనూరు మనుష్యుడు అమెరికా కొరకు విమాన మెక్కుటకు నూరేండ్లు ముందే ఓడ నెక్కియున్నాడు. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను నోడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు నేటాలునకు కొనిపోబడిన కూలీల సంఖ్య 1,52,184. అందు రమారమి మూడింట రెండువంతులు మద్రాసు రేవునుండి పోయినవారు. వారిలో ఉత్తరార్కాడు జిల్లావారు విశేషముగా నుండిరి. ఒడంబడిక అయిదేండ్లు. జీతము మొదటియేట నెలకు పది షిల్లింగులు, ఏటేట నెలకొక షిల్లింగు హెచ్చు. పని చెరకుతోటలలో, బొగ్గుగనులలో, రైలుదారులలో. ధాత కరవున పల్లెలు పాడుపడిన కాలమది. ఇంట గంజికి లేనివానికి దళారి చూపిన పది షిల్లింగులు పది వరహాలుగా కనబడెను. ఒడంబడిక తీరిన పిమ్మట అచ్చటనే నిలువగోరినవారిపై నేటాలు ప్రభుత్వము 1895 శాసనముచే ఏటికి మూడు పౌనుల పన్ను విధించెను. ఆ పన్నును రద్దుచేయించుటకే 1913లో గాంధీమహాత్ముని నాయకత్వమున గనికూలీలును, తోటకూలీలును పని మానిరి; 1914లో అది రద్దయ్యెను. అంతకుముందు 1910లో గోఖలే శాసనసభలో పెట్టిన తీర్మానఫలముగా 1911 జూలైనుండి నేటాలు కూలీల యెగుమతియే నిలిచెను. ఫిజీ దీవులకు 1903 మొదలు 1916 వరకు మద్రాసునుండి పోయినవారు సుమారు 15,000. వారిలోను మన ఉత్తరార్కాడువారు కలరు.

ఇచ్చట ఒక విచిత్రము గమనింపవలెను. ఆ కూలీలను ఓడలోనికి లెక్కపెట్టి యెక్కించిన గుమాస్తాలు ప్రతి మనుష్యునకు సంఖ్య వేసి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపై గల గుర్తులు వ్రాసిరి. వారి మేలుకోరి వ్రాసినది కాదు. పారిపోయిన పట్టుకొనుటకు వ్రాసినది. మోచేతి మచ్చ, నుదుటి గాయము, పచ్చబొట్టు, ఇవన్నియు పట్టికలో కలవు. కాని ఆ బంధనపత్రమే నేడు వారి సంతతికి వంశధనమైనది. డర్బను దస్త్రాలయమందలి ఆ పట్టికలను పండితులు పరిష్కరించి కంప్యూటరున కెక్కించినందున, నేటాలులో నయిదవతరమువాడు సంఖ్య తెలిసినచో తన మూలపురుషుని గ్రామము పేరు చదువుకొనగలడు. తన ముత్తాత ముత్తాత శరీరముపై మచ్చ ఎచ్చట నుండెనో వానికి తెలియును. కాలిఫోర్నియాలోని మన యింజనీరునకు తన ముత్తాత గ్రామమైన తెలియదు!

పోయినది ఇంటిపేరు. గుమాస్తా ఇంటిపేరు నడుగలేదు; అడుగవలెనని వానికి తెలియదు. 'నాయుడు', 'రెడ్డి', 'గోవిందుడు' అను నవి ఇంగ్లీషు వర్ణక్రమమున వికృతములై, సంతతికి శాశ్వతమైన వంశనామములుగా నిలిచినవి. అమెరికాలో ఎల్లిస్ ద్వీపపు టధికారులు పేరులు మార్చిరని యొక కట్టుకథ కలదు. నిజమునకు ఆ పట్టికలు ఓడ బయలుదేరిన రేవుననే వ్రాయబడెడివి. మన విషయమున అది కట్టుకథ కాదు. నేడును ఈ తంటా తీరలేదు. కుప్పము ప్రాంతమున తండ్రిపేరు మొదటి యక్షరమును మాత్రము ధరించు నాచారము గల కుటుంబములు చాల కలవు. అట్టి యువకుని పాస్‌పోర్టులో వంశనామపు గడి ఖాళీగా నున్నచో, అమెరికావారి వీసాలో ఉన్న యొక్కపేరును వంశనామముగా వ్రాసి, సొంతపేరున్న చోట 'ఎఫ్.ఎన్.యు.' అని వ్రాయుదురు. అనగా 'పేరు తెలియదు' అని. ఆ మూడక్షరములే తన పేరై బ్యాంకులలోను, కార్యాలయములలోను పిలువబడిన విద్యావంతులు మనలో కలరు. ఇంటిపేరు కస్తూరివారను సామెత మనకు కలదు; ఇంటిపేరే లేక కస్తూరి ఎచ్చటిది?

నేటాలు తెలుగువారు పేరు పోగొట్టుకొన్నను భాషను గూర్చి శ్రద్ధ పోగొట్టుకొనలేదు. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్రమహాసభను స్థాపించుకొనిరి. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగము తన యారవ విభాగమున, గౌరవింపబడవలసిన ప్రజాభాషలలో తెలుగును పేరుపెట్టి చెప్పినది. చెరకుతోటలలో కూలిచేసినవారి మనుమలు సాధించిన ఈ గౌరవమును మన పాఠ్యపుస్తకములలో నొక్క వాక్యమైన స్మరించుచున్నదా? అమెరికాలో జరుగు తెలుగు సభలకు ఇచ్చటినుండి మంత్రులును, నటులును, కవులును తండోపతండములుగా పోవుదురు. డర్బనునకు పోవు దారి వారికి తెలియనట్లున్నది.

ఆ నేటాలు కుటుంబములవారు అప్పుడప్పుడు కాగితము చేతబట్టుకొని ఊరు వెదకుకొనుచు వత్తురు. వారి కాగితమున 'ఉత్తరార్కాడు జిల్లా' అని యుండును. ఆ పేరును పట్టుకొని వారు తమిళనాట వేలూరునకు పోవుదురు. అచ్చట వారికి గ్రామము దొరకదు. ఏలయన 1911 ఏప్రిలు 1వ తేదీన ఉత్తరార్కాడునుండి చిత్తూరు, పలమనేరు మొదలగు తాలూకాలను, పుంగనూరు, కంగుంది వంటి జమీనులను విడదీసి, కడప జిల్లానుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను తెచ్చి కలిపి చిత్తూరు జిల్లాను నిర్మించిరి. అందుచే పుంగనూరు పూర్వికుడు 'ఉత్తరార్కాడు' క్రిందను, పదికోసుల దూరములోని మదనపల్లె పూర్వికుడు 'కడప' క్రిందను వ్రాయబడి యున్నారు. 2022లో మదనపల్లెను అన్నమయ్య జిల్లాలో చేర్చిరి, పుంగనూరును చిత్తూరులో నుంచిరి. కుప్పము సంగతి మరియు చిక్కు. తమిళభాషలో 'కుప్పము' అనగా పల్లెయని యర్థము. మద్రాసు సముద్రతీరమున ఆ పేరుతో ముగియు జాలరిపల్లెలు లెక్కకు మిక్కిలి. పట్టికలో నున్న కుప్పము కంగుంది జమీనులోని కుప్పమో, తీరమందలి యే కుప్పమో తాలూకా పేరు చూచి, కులము చూచి, తోడివారి యూళ్లు చూచి నిర్ణయింపవలెను. పల్లి, పల్లె, పాళెము అను తేడాలు ఇంగ్లీషు గుమాస్తా చెవికి సోకలేదు. ఇది కంప్యూటరు చేయు పని కాదు. ఊళ్లు తెలిసిన స్థానికుడు చేయవలసిన పని.

ఇదంతయు గతించిన కథ, దీనివలన నేడు ప్రయోజనమేమి యని యడుగువారికి, న్యాయవాదిగా నా సమాధానమిది. 1955 నాటి పౌరసత్వ శాసనమున 7-ఏ విభాగము ప్రకారము, విదేశపౌరులైన మనవారికి ప్రవాస భారతీయ పౌరుడను కార్డు దొరకవలెనన్నచో, తానుగాని, తల్లిదండ్రులు తాతలు ముత్తాతలలో నొకరుగాని రాజ్యాంగము ప్రారంభమైననాడుగాని ఆ పిమ్మటగాని భారతపౌరులై యుండవలెను, లేదా అది ప్రారంభమైననాడు అట్లగుట కర్హులై యుండవలెను. ఎవరు అర్హులు? రాజ్యాంగపు 8వ అధికరణము, విదేశమున నివసించుచున్నను తల్లిదండ్రులుగాని తాత అవ్వలుగాని అవిభక్త హిందూదేశమున జన్మించినవారైనచో పౌరసత్వమునకు నమోదు కావచ్చునని చెప్పినది. కావున అమెరికాలో జన్మించిన మదనపల్లె యింజనీరు కూతురునకు ఈ కార్డు తండ్రి పాత పాస్‌పోర్టు చూపిన దొరకును. నేటాలు కూలివాని యయిదవతరమువానికిని హక్కు శాసనములో మూయబడలేదు. కాని మూలపురుషుడు మన దేశమున పుట్టెనను రుజువునుండి తనవరకు ప్రతి తరమునకు జనన వివాహ పత్రములు గొలుసుగా చూపవలెను. గొలుసున నొక్క కొలికి లేకున్నను అర్జీ నిలుచును. మారిషసువారి కొరకు 2024లో ఏడవతరమువరకును, ట్రినిడాడువారి కొరకు 2025లో ఆరవతరమువరకును సడలింపు ప్రకటించిరి. మంచిదే. నేటాలు, ఫిజీ ఆంధ్రుల పక్షమున అంతటి గొంతుక నెత్తువారెవరు? ఇది మన రాష్ట్రప్రభుత్వమును, మన పార్లమెంటు సభ్యులును తలకెత్తుకొనవలసిన వ్యవహారము.

అమెరికాలోనివారు సైతము నిశ్చింతగా నుండదగిన కాలము కాదిది. ఆ గడ్డపై పుట్టినవారు ఆ దేశపౌరులేయని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ వ్యాజ్యమున వారి సుప్రీముకోర్టు తీర్పు చెప్పియున్నను, తాత్కాలిక వీసాలపై నున్నవారి బిడ్డలకు ఆ హక్కు లేదని 2025 జనవరి 20న అధ్యక్షుడొక యాజ్ఞ వెలువరించెను. అది న్యాయస్థానముల కెక్కినది. పుట్టినచోటు హక్కు నిచ్చునా, కన్నవారి కాగితము హక్కు నిచ్చునా యను ప్రశ్న నేటాలులో మన కూలీలను బాధించినట్టిదే.

కొందరు పెద్దమనుష్యుల యాక్షేపణ నే నెరుగుదును. కూలీలుగా పోయినవారి కథ త్రవ్విన కుటుంబమునకు అప్రతిష్ఠ గదా యందురు. పట్టికలో కులపు గడి యున్నది. అమెరికాలో నేడు రెడ్డినో నాయుడనో చెప్పుకొనుచున్నవాని పూర్వికునకు ఆ గడిలో వేరుమాట యుండిన నేమగును? ఏమియు గాదు. ఆ యోడలలో పోయినవారిలో మాలమాదిగ సోదరులు, పల్లెకాపులు, వన్నెకాపులు, చేతివృత్తులవారు ఒకే పళ్లెరపు టన్నము తినుచు పోయిరి. పెక్కుర కులములు ఆ నీళ్లలోనే కలిసిపోయినవి. కుప్పమునుండి కూతవేటు దూరములోని కోలారు బంగారుగనులలో 1880 మొదలు భూమి క్రింద పనిచేసినవారిలోను మన జిల్లాల పేదలే యుండిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడువరకు నాలుగు తరములు ఆ చీకటిలో గడపినవి. వారి మనుమలలో కొందరు బెంగుళూరు మీదుగా అమెరికా చేరిరి. గని కూలివాని మనుమడనని చెప్పుకొనుటకు సిగ్గుపడువాడు ఐర్లండువానిని చూచి నేర్చుకొనవలెను. ఇక వంశములో నందరు మంత్రులు, సేనాపతులేనని చెప్పు వంశచరిత్రలను మనము చాలినన్ని చూచితిమి. అచ్చువేయించినవాడు తప్ప వాటిని చదువువాడు లేడు.

మరికొందరు ఉమ్మి పరీక్షలను నమ్ముకొనియున్నారు. సీసాలో ఉమ్మివేసి పంపిన అమెరికా కంపెనీలు పూర్వికుల దేశమును చెప్పునట. మనకు వచ్చు సమాధానము 'దక్షిణహిందూదేశము' అని! ఆ మాట యద్దము చూచుకొన్నను తెలియును. ట్వెంటీత్రీ అండ్ మీ యను కంపెనీనుండి 2023లో లక్షలమంది వివరములు దొంగిలింపబడినవి. 2025 మార్చిలో ఆ కంపెనీయే దివాలా అర్జీ పెట్టుకొన్నది. రక్తము ఊరి పేరు చెప్పదు, కాగితము చెప్పును.

ఆ కాగితమునకును ఆయువు గట్టిది కాదు. 1897లో ఎల్లిస్ ద్వీపపు మొదటి భవనము కాలిపోయి పాతదస్త్రములు నశించినవి. 1921లో వాషింగ్టనులో నగ్ని రేగి 1890 జనాభా లెక్కలు చాలవరకు పాడైనవి. మనము దూరము పోనక్కరలేదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయమున మంటలు లేచి భూముల దస్త్రములు కాలిపోయినవి. ప్రభుత్వము విచారణకు ఉత్తరువు చేసెను. కారణములను విచారించుట ఆ యధికారుల పని. కాని మన జనులు ఆ మంటలను గూర్చి మాటలాడినది ఏ సర్వే నంబరు పోయెనని మాత్రమే. ఆ కట్టలలో ఇనాముదారుల పేరులు, పాత రైతుల పేరులు, ఊరు విడిచిన కుటుంబముల పేరులు సైతము ఉండవచ్చునని ఎవరును విచారింపలేదు. యూటా రాష్ట్రమందలి మోర్మను మతస్థుల వంశచరిత్ర సంఘము 1938 నుండి లోకమందలి దస్త్రములకు సూక్ష్మచిత్రములు తీసి, సాల్ట్ లేక్ నగరము చెంత కొండను తొలిచి కట్టిన కోశాగారమున దాచుచున్నది. హరిద్వారపు పండాల వహీలకు సైతము వారు చిత్రములు తీసికొనిరి. మన కాశీయాత్రికుల చేవ్రాళ్లు మన పండాల యటకలపై నున్నవి. వాటి నకలు పరదేశపు కొండలలో నుండుట మంచిదే గాని, మన యింటనొక నకలుండిన నింకను మంచిది.

చేయదగిన పని యెక్కువ లేదు. కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. తెలుగు, తమిళము, కన్నడము మూడును వినబడు మూడు రాష్ట్రముల కూడలిలో నది యున్నది. నేటాలు, ఫిజీ పట్టికలనుండి చిత్తూరు, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కంగుంది గ్రామములవారిని ఏరి, ఊళ్ల పేరులను నేటి పేరులతో సరిపోల్చి, తెలుగు లిపిలో గ్రామవారీ పుస్తకముగా ప్రకటించుటకు దానికంటె తగిన స్థానము వేరొకటి లేదు. అమెరికాలోని మన ధనికులు ఇచ్చట గుడిగోపురములకు విరాళము లిచ్చుచున్నారు. అందు నూరవవంతు దీని కిచ్చిన చాలును. వంశరాజుల వృద్ధులు పాడగా వినుటకు యంత్రములు నేడు ప్రతివాని జేబులోనే యున్నవి. మా గ్రంథాలయ సేవకులము వచ్చు పెద్దల పండుగనాటికి ఊరూర నొక పుస్తకము తెరువ నిశ్చయించినాము. పెద్దలకు బట్టలు పెట్టునాడు ఇంట నందరును కూడియుందురు. పేరులు జ్ఞాపకమునకు వచ్చు దినమది. ప్రతి కుటుంబము ఇంటిపేరు, గోత్రము తెలిసినచో గోత్రము, ఏ యూరినుండి ఈ యూరికి వచ్చిరో ఆ యూరి పేరు, ఆడుబిడ్డల పేరులు, వారి నిచ్చిన యూళ్లు తెలుగున వ్రాసి, ఒక ప్రతి గ్రంథాలయమున నుంచి, ఒక ప్రతి అమెరికాలోని పిల్లలకు పంపవలెను. వలసపోయి తిరిగిరానివారికి వేరుగా నొక పుట విడువవలెను. వారు పోయిన దేశము తెలియకున్న సంవత్సరమైన, సంవత్సరము తెలియకున్న అది యే కరవునాటి మాటయో యైన ఆ పుటలో వ్రాయించుడు.